పరుపు మీది పని

మా అన్న అబిడ్స్‌లో చీరల దుకాణంలో సేల్స్‌మన్. తెల్ల పరుపు మీద కూర్చుని, ముందుకు వంగి ఒక్క విసురు విసిరితే చీర ఎదుటి గోడ దాకా పరుచుకునేది. ఆ గోడే అడ్డం లేకపోతే నాంపల్లి స్టేషన్‌కు పోయి రైలెక్కేది.

అలాంటివాడికి నడక కష్టమైంది. నిటారుగా నిలబడితే కాళ్లలో మంటలు, తిమ్మిరి. వంగితే హాయి. దారిలో కనిపించిన ప్రతి స్కూటర్ మీదా ఒరిగేవాడు. రాత్రి ఇంటికి పోవడానికి మేమిద్దరం స్టేషన్ చేరేలోగా ఒక ప్రభుత్వం పడిపోయి ఇంకొకటి ప్రమాణ స్వీకారం చేసేది. పరుపు మీద వంగి కూర్చుంటే నొప్పి ఉండదు కాబట్టి, పనే మందనుకుని అన్న సెలవు రోజుల్లోనూ దుకాణానికి పోయాడు.

చివరికి కుడి పాదం ఈడుస్తుంటే నాంపల్లిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నడుము దగ్గర వెన్నులోని దారి ఇరుకై నరాలు నలుగుతున్నాయన్నాడు. మామూలుగా అయితే వెనకవైపు ఎముక కొంత తీసి దారి వెడల్పు చేస్తే చాలట. కానీ అన్నకు ఒక వెన్నుపూస ముందుకు జారింది. ఉత్తగా ఎముక తీస్తే అది ఇంకా జారవచ్చు. అందుకని స్క్రూలు, కడ్డీలు వేసి దాన్ని కింది పూసతో కలిపేయడమే మంచిదన్నాడు.

"మంచిగ నడుస్తనా సాబ్?"

"నడుస్తరు. కానీ కింద కూసోని, పొద్దంత వంగి పనిచేసుడు బందు."

"మరి చీరలెట్ల పరవాలె?"

"నిలబడి చూపెట్టున్రి."

"నిలబడి అమ్మనీకి అవేమన్న సెల్‌ఫోన్లా సాబ్?"

ఆపరేషన్ వద్దంటే ఏమవుతుందని నేనడిగాను. ఆలస్యమైతే పాదానికి పోయిన బలం తిరిగి రాకపోవచ్చన్నాడు.

బయటికొచ్చాక, "ఫికర్ చెయ్యకు అన్నా, గంత ఇనుమేస్తే నీ రేటు పెరుగుతది" అన్నాను.

"కాళ్లే పోతే దుకాణం దాకా ఎట్ల పోతరా? చేయించు" అన్నాడు అన్న.

ఆపరేషన్ బాగా జరిగింది. అన్న ఇప్పుడు నిటారుగా నడుస్తాడు. దుకాణం సేటు మంచివాడు, తలుపు దగ్గర కుర్చీ వేయించాడు. వచ్చినవాళ్లకు నమస్కారం పెట్టి లోపలికి పంపడమే పని.

మొన్న నేను వెళ్లేసరికి పెళ్లివాళ్లు వచ్చి ఉన్నారు. కొత్త సేల్స్‌మన్ విసిరిన పట్టుచీర సగంలోనే కుప్పపడింది. కుర్చీలో ఉన్న అన్న కుడిచెయ్యి గాలిలోకి లేచి, మణికట్టు దగ్గర ఒక్కసారి విసురుగా తిరిగింది. వెంటనే ఆ చేతిని తొడ కింద పెట్టుకున్నాడు.

"లోపలికి రాన్రమ్మా" అన్నాడు, తలుపు దగ్గర ఎవరూ లేకపోయినా.