మా నాయనమ్మ అమ్మవారితో కొట్లాడిన రోజు

నా చిన్నప్పుడు నాలుగో తరగతితోనే బడి మానేశాను. అందుకే ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. ఇంతకుముందు ఎప్పుడూ ఏదీ రాయలేదు. రాత బాగాలేదని కోప్పడకండి.

మా ఇల్లు సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ వెనక గల్లీలో ఉండేది. ఆ ఏడు మాకు అస్సలు కలిసిరాలేదు. ఉగాది పోయిన కొన్నాళ్లకే మా తాతయ్య చనిపోయాడు. వానాకాలంలో మార్కెట్లో ఉల్లిగడ్డ బస్తాలు మీద పడి మా నాన్న కాలు విరిగింది, మంచాన పడ్డాడు. చలి తగ్గుతుందనగా మా తమ్ముడికి అమ్మవారు పోసింది.

ఒంటినిండా పొక్కులు. దాన్ని మా ఇంట్లో రోగం అనేవాళ్లు కాదు, అమ్మ ఇంటికొచ్చింది అనేవాళ్లు. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో పోపు వేయకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, దవాఖానకు పోకూడదు. కోపమొస్తే అమ్మ పిల్లవాణ్ణి తనతో తీసుకుపోతుందని పక్కింటి పెద్దమ్మ నాకు చెప్పింది. ఇక అప్పటి నుంచి గిన్నె కింద పెట్టాలన్నా నాకు భయమే. నా చప్పుడుకే తమ్ముడు చచ్చిపోతాడేమో అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం వాడికి ఊపిరి అందలేదు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. పిలిస్తే నన్ను గుర్తు పట్టలేదు. మా అమ్మ వేపకొమ్మతో విసురుతూ ఏడుస్తోంది. అప్పుడు మా నాయనమ్మ లేచి, దేవుడి గూడు ముందు నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"ఏందే తల్లీ! నా పెనిమిటిని తీస్కపోతివి. కొడుకును మంచాన పడేస్తివి. గిప్పుడు గీ పోరడు సుత గావాల్నా? ఏటేటా నీకు బోనం ఎత్తలేదా? కండ్లు లేవా నీకు?"

పక్కింటి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. "గట్ల తిట్టకు అత్తా, అమ్మ ఇంట్లనే ఉంది, నీ మాటలు ఇంటది!"

"ఇననియ్యి! ఇనాల్ననే అంటున్న."

నేను మంచం కిందికి దూరాను. ఇప్పుడే ఏదో అవుతుంది, తమ్ముడి ఊపిరి ఆగిపోతుంది అని చెవులు మూసుకున్నాను. నాయనమ్మ మాత్రం వాణ్ణి దుప్పట్లో చుట్టి ఎత్తుకుంది. "జెర ఆగమ్మా, అమ్మ దిగినంక పోదాం" అన్నాడు మా నాన్న. "అమ్మకు కోపమొస్తే నా మీదికి రమ్మను" అని బయటికి నడిచింది. నేను ఏడుస్తూ వెంటపడితే రిక్షాలో పక్కన కూర్చోబెట్టుకుంది.

మా నాయనమ్మకు భయం లేదనుకున్నాను. కానీ రిక్షాలో ఆమెను ఆనుకొని కూర్చుంటే తెలిసింది, ఆమె నాకన్నా ఎక్కువ వణుకుతోంది. పెదవులు కదులుతున్నాయి. చెవి పెట్టి విన్నాను. "తప్పైంది తల్లీ, నోరు జారిన. నన్ను ఏమన్నా చెయ్, పోరన్ని ఇడ్సిపెట్టు." దవాఖాన వచ్చేదాకా అదే మాట.

జ్వరం ఊపిరితిత్తులకు ఎక్కిందని, ఇంకా ఆలస్యం చేస్తే పిల్లవాడు దక్కేవాడు కాదని డాక్టరు కోప్పడ్డాడు. తమ్ముడు బతికాడు.

తర్వాత ఒకరోజు అడిగాను, అమ్మవారిని తిట్టావు కదా, నీకు భయం కాలేదా అని. "కాకేం బిడ్డా? పానం పోయింది. గానీ ఇంట్ల మనిషితోని గాక ఎవల్తోని కొట్లాడ్తం?" అంది.

పోయిన ఏడాదంతా మా ఆయనను దవాఖానల చుట్టూ తిప్పాను. ఎన్నో పొద్దులు దేవుడి పటం ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను, వెంటనే భయపడి లెంపలేసుకున్నాను, చెప్పులు వేసుకొని మళ్లీ దవాఖానకు పోయాను. నాకు భయం ఇంకా పోలేదు. భయపడుతూనే కాలు బయట పెట్టడం ఒక్కటే మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను.

చదివిన పెద్దలు నా తప్పులు దిద్దుకొని చదువుకోండి, నన్ను మన్నించండి.