కెల్విన్‌కు గిట్టని చల్లగాలి

ఎడారి అంచునున్న పోర్ట్ అగస్టాలో పాత కార్ల ఏసీ బాగుచేయగలిగిన మనిషి కెల్విన్ ట్రిజైస్ ఒక్కడే. అతనికి లోకంలో గిట్టనిది కూడా ఏసీ ఒక్కటే. మిఠాయి కొట్టు పెట్టుకుని, తీపి అడిగినవాణ్ణల్లా తిట్టిపోసే మనిషిని ఊహించుకోండి. అతనే కెల్విన్.

"ఏసీ పోయిందా? పీడా పోయింది. కారుతోపాటు కిటికీలు ఊరికే ఇచ్చారుగా, అద్దాలు దించుకోడానికి చేతులు రావా?" అంటూ వచ్చినవాళ్ళకు స్వాగతం పలికేవాడు. చర్చి ఫాదర్‌ను కూడా వదల్లేదు. "ఆదివారం ఆదివారం నరకం గురించి చెప్తావు కదా ఫాదర్, ఇప్పట్నుంచే కాస్త అలవాటు చేసుకో!"

అతని సొంత బండి ఒక పాత స్టేషన్ వ్యాగన్. అక్కడ జనవరి అంటే నడివేసవి; తారు రోడ్డు చెప్పులకు అంటుకుంటున్నప్పుడు కూడా నాలుగద్దాలూ దించి, ఎర్రదుమ్మంతా గడ్డంలోకి ఎక్కించుకుంటూ ఊరేగేవాడు. "ఆ దిక్కుమాలిన యంత్రాన్ని పీకి పారేశా. ఒళ్ళు ఇనుమైపోయింది," అని చాటుకునేవాడు. ఆ ఇనుము మధ్యాహ్నానికల్లా ఉడికిన దుంపలా తయారవడం ఊరంతా చూస్తూనే ఉండేది.

లోర్నా హాడోకు ఈ ఉపన్యాసాలు వినే ఓపిక లేదు. ఆమె భర్త డెస్‌కు నరాల జబ్బు. ఒంటికి వేడి తగిలిందంటే కాళ్ళు చచ్చుబడిపోతాయి. సోమవారం మూడొందల కిలోమీటర్ల దూరంలోని అడిలైడ్ ఆస్పత్రిలో వైద్యం. ఆ రోజు తప్పితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. డెస్ సులువుగా జారి కూర్చోగలిగే వెడల్పాటి సీటున్న కారు వాళ్ళ పాతదొక్కటే. సరిగ్గా అప్పుడే దాని ఏసీ మూలిగి ఊరుకుంది.

"కిటికీలు..." అని కెల్విన్ మొదలుపెట్టాడు.

"ఉన్నాయి. నాలుగు. లెక్కపెట్టే వచ్చా," అంది లోర్నా. "బానెట్ ఎత్తు."

కెల్విన్ ఎత్తి చూసి, ముక్కు చిట్లించి, ఎవరో చచ్చిన కబురు విన్నట్టు టోపీ తీశాడు.

"ఇందులో కొత్త గ్యాసు ఎవడు పోశాడు?"

"పోయినేడు అడిలైడ్‌లో పోయించాం. పాత గ్యాసు దొరకదన్నారు."

"దొరకదు, నిజమే. కొత్త గ్యాసుకి మార్చేటప్పుడు లోపలి నూనె కూడా మార్చాలమ్మా. పాత నూనె కొత్త గ్యాసుతో కలిసి తిరగదు. వాడు గ్యాసు పోసి చేతులు దులుపుకున్నాడు. పాపం, మీ కంప్రెసర్ ఏడాదిపాటు నూనె చుక్కలేక అరిగి అరిగి బిగుసుకుపోయింది."

"ఇంకోటి బిగించు."

"ఈ మోడల్‌ది ఇప్పుడెవడూ చెయ్యట్లేదు. వెతికి పట్టుకునేసరికి చలికాలం వస్తుంది. అప్పుడు నీకు దాంతో పనే ఉండదు, చూశావా ఎంత లాభమో!"

లోర్నాకు నవ్వు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే ఈ మొండిఘటం ముందా ఏడ్చేదని కోపం కూడా వచ్చింది.

కెల్విన్ కంగారుగా గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, అవి అప్పటికే శుభ్రంగా ఉన్నా. "శనివారం రా. షెడ్‌లో తుక్కు చాలా ఉంది, చూస్తా. చల్లగాలికి అలవాటు పడితే ఒళ్ళు పాడవుతుందని మీ ఆయనకి మాత్రం చెప్పు."

శనివారానికి కారు సిద్ధమైంది. లోపల కూర్చుంటే లోర్నా చేతుల మీద రోమాలు లేచాయి. ఎక్కడ దొరికిందని అడిగితే, "చెప్పాగా, తుక్కులో," అని కసిరాడు.

సోమవారం పొద్దున డెస్ దొరలా కాళ్ళు చాపుకుని బయల్దేరాడు. సగం దారిలో రోడ్డు పక్కన కెల్విన్ వ్యాగన్ ఆవిరి కక్కుతూ నిలబడి ఉంది. పక్కనే ఉడికిన దుంప.

లోర్నా కారు ఆపి, బానెట్ కింద తొంగి చూసింది. తమ కారులో కంప్రెసర్ ఉన్న చోటే ఇందులో దుమ్ము పట్టని ఖాళీ, మెరుస్తున్న బోల్టు రంధ్రాలు. బిగించినదాన్ని ఈ మధ్యే విప్పి తీసిన గుర్తులు. దాని చుట్టుపక్కల ఇంకా పాత ఖాళీలున్నాయి, వాటిలో మాత్రం దుమ్ము పేరుకుంది.

"పీకి పారేశానన్నావు. మా కారులో పారేశావా?"

కెల్విన్ ఆకాశం కేసి చూశాడు.

"మరి మిగతావి?"

"ముందుండే ఏసీ జాలీని ఫాదర్ బండికి బిగించా. ముసలాయన, సొమ్మసిల్లి పడిపోతున్నాడు. గొట్టాలు మనూరి నర్సమ్మాయి కారుకి. ఒకటి పోయాక మిగతావి ఉండి ఏం లాభం, ఊరికే బరువు!" అన్నాడు విసుగ్గా. "నాకెలాగూ పడదు."

"ఇప్పుడెక్కడికి బయల్దేరావు?" కారులోంచి డెస్ అడిగాడు.

"అడిలైడ్ తుక్కు యార్డుకి."

"ఏం కొనడానికి?"

"ఏం లేదు," అన్నాడు కెల్విన్, మరీ తొందరగా.

లోర్నా తన కారు వెనక తలుపు తెరిచింది. చచ్చినా ఎక్కనన్నాడు. జలుబు చేస్తుందన్నాడు, కీళ్ళు పట్టేస్తాయన్నాడు. అంటూనే ఎక్కి కూర్చున్నాడు. లోర్నా గాలిని వెనక్కి మళ్ళించింది. ఉపన్యాసం సగంలో ఉండగానే గుర్రు మొదలైంది.

అడిలైడ్ ఆస్పత్రి ముందు లేపితే కళ్ళు నులుముకుంటూ, "ఛీ, మనిషిని సోమరిపోతును చేసే గాలి!" అని తిట్టి దిగాడు.

రెండడుగులు వేసి వెనక్కొచ్చాడు.

"డెస్, మళ్ళీ వైద్యానికి ఎప్పుడు రమ్మంటారో కనుక్కుని చెప్పు. నాకు యార్డులో పని ఒక్కసారితో తెమిలేలా లేదు."