మాల స్వాముల పొయ్యి, ఎండుచేపల బుట్టలు

“సేపలు బయటెడితే తడిసిపోతాయి మామ్మా. తడిసినివి ఎవులు కొంటారు?”

“కొంటారో మానేత్తారో నాకేటి. లోపలికి మాత్రం రానివ్వను.”

“మమ్మల్ని రానిత్తావు గానీ మా సేపల్ని రానివ్వవా?”

“మనుసుల కోసం తెరిసిన హాలిది. సేపల కోసం కాదు.”

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఎదురుగా ఎండుచేపలు అమ్ముకునే ఆవిడ. నెత్తిమీద ఒక బుట్ట, వెనక ఇద్దరు పిల్లలు మోసుకొచ్చిన ఇంకో బుట్ట. ముగ్గురూ తడిసి ముద్దయిపోయారు. బుట్టలకి మాత్రం ప్లాస్టిక్ పరదా చుట్టి ఉంది. కంచరపాలెంలో గెడ్డ పొంగి రైలు పట్టాల అవతలి వీధులన్నీ మునిగాయి. ఆవిడ ఇల్లూ అక్కడే. తుఫాను వల్ల పడవలు కదలడం లేదు, కొత్త సరుకు రాదు. ఆ బుట్టల్లో ఉన్నది పోతే ఆవిడకి అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. ఆ సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

కానీ ఆ హాలు ఏటా అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు భిక్ష వండుకునేది. గుండిగలు, గాడిపొయ్యి, కట్టెలు అన్నీ వాళ్లవే. నీళ్లు వచ్చాయని తెలియగానే, తమతో పాటు ఆ వీధులకీ వండుతామన్నారు. తాళంచెవి నాకిచ్చారు. గింజ నేలపాలు కానివ్వనని అందరికీ తెలుసు. ఏ వీధికి ఎంత అన్నం వెళ్లాలి, ఎవరు మోసుకెళ్లాలి, అంతా నేను చెప్పినట్టే నడుస్తోంది. మాలలో ఉన్నవాళ్లు నీచు ఉన్నచోట వండరు, తినరు. చేపలు లోపలికి వస్తే వాళ్లు బయటికి పోతారు. వాళ్లతో పాటే గుండిగలూ పోతాయి. అప్పుడు అందరికీ ఎవరు వండుతారు? మా ఇల్లు పక్కనే ఉంది గానీ మా పెద్దవాడూ మాలలోనే ఉన్నాడు. ఆ బుట్టలు అక్కడ పెట్టించడమూ కుదరదు.

గురుస్వామి మెత్తటి మనిషి. చేతిలో గరిటెతోనే వచ్చాడు.

“పోనీ మాతా, సామాన్ల గదిలో ఓ మూలెట్టించండి. తలుపేసేద్దుం.”

“తొలిమాల కుర్రోళ్లు రేపు గిన్నె ముట్టం అంటే మీరొక్కరే వండుతారేటి స్వామీ?”

 ఈలోగా చేపలావిడ అందుకుంది.

“దేముడికి లేని ముక్కు నీకొచ్చిందేటి మామ్మా? మాలలు ఎయ్యకముందు నా కాడ నెత్తళ్లు గీసి గీసి బేరమాడి కొన్నావు. అప్పుడు కంపు కొట్టనేదా?”

లోపల తింటున్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

“కొన్నాను. నువ్వేం ఊరికే ఇయ్యనేదు. ఇదిగో, బియ్యం గోతాలు కాళీగా ఉన్నాయి. అరుగు మీద సూరు కింద ఎట్టుకుని కప్పుకో. మళ్లీ అన్నీ తిరిగిచ్చీయాల.”

“నీ గోతాలు నువ్వే కప్పుకో.”

“అయితే గుంటల్ని పంపు. అన్నం తింటారు.”

“మా గుంటలికి నీ అన్నం ఒద్దు.”

చిన్నపిల్ల అప్పటికే నా చంక కిందనుంచి దూరి పంక్తిలో కూర్చుంది. రెండోవాడు తల్లి ముఖం చూసి, వాడూ వెళ్లి కూర్చున్నాడు. తల్లి చూసింది గానీ పిలవలేదు. తను గుమ్మం దాటలేదు. బుట్టల్ని అరుగు మీదికి ఈడ్చుకుని వాటి పక్కనే కూర్చుంది. గాలి తిరిగి జల్లు అరుగు మీదికి కొట్టింది. పరదా ఎగిరిపోతుంటే లాగి పట్టుకోవడం కిటికీలోంచి చూశాను. గోతాలు మళ్లీ ఇవ్వబోలేదు. ఒకసారి వద్దన్నవాళ్లని రెండోసారి బతిమాలడం నాకు చేతకాదు. పిల్లల్ని లోపల పడుకోబెట్టి గొళ్లెం వేశాను.

పొద్దున్నకి వాన వెలిసి ఎండ వచ్చింది. నేను తలుపు తీసేసరికి ఆవిడ తడిసిన చేపలన్నీ హాలు ప్రహరీగోడ మీద, గేటుకి అటూ ఇటూ, ఆరబెట్టేసింది. తలస్నానాలు చేసి వచ్చిన తొలిమాల కుర్రాళ్లు గేటు బయటే ఆగిపోయారు. తీసెయ్యమ్మా అని గురుస్వామి అడిగాడు.

“లోపలెట్టొద్దన్నారు, ఎట్టనేదు. గోడ కూడా మీదేనా స్వామీ?”

నేను తీయబోతే నా చెయ్యి పట్టుకుంది. గట్టి చెయ్యి. కాసేపటికి స్వాములు ట్రాలీ ఆటో తెప్పించి, గుండిగలు ఎక్కించుకుని కూర్మన్నపాలెం వైపు వెళ్లిపోయారు. బియ్యం మాత్రం వదిలి వెళ్లారు.

నేను మా అటక మీది పాత గిన్నెలు దింపి, వాయలు వాయలుగా గంజి కాచాను. అందరికీ అందేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా నన్నూ తిట్టారు, ఆవిడనీ తిట్టారు. ఆఖర్న ఆవిడ వచ్చి గిన్నె పట్టింది. అందరికీ పోసినంతే పోశాను.  ఆవిడ గోడ దగ్గరికి వెళ్లి, ఒక చేత్తో కాకుల్ని తోలుతూ నిలబడే తాగింది.