ఉల్లిపొట్టు శాస్త్రజ్ఞుడు

ధారూర్ దాటాక రైలు ఎందుకో నిలిచింది. ఎందుకని అడిగేవాడు ఆ పెట్టెలో ఒక్కడూ లేడు. వికారాబాద్ నుంచి వాడి జంక్షను వైపు వెళ్ళే ప్యాసింజరుకు నిలవడం స్వభావం, నడవడమే ఎప్పుడో పుట్టే బుద్ధి. సరిగ్గా ఆ నిశ్శబ్దం కోసమే కాచుకున్నట్టు నా ఎదుటి సీటులోంచి ఒక తెల్లకోటు లేచి నిలబడింది.

కోటు అనే అంటున్నాను. లోపలి మనిషి నా కంటికి తర్వాత ఆనాడు. మోకాళ్ళ దాకా వేలాడే కోటు, జేబు దగ్గర సిరా మరక, మోచేతి దగ్గర ఏదో ఆమ్లం కొరికిన చిల్లు. డాక్టర్లకు, వంటవాళ్ళకు, మంగలి షాపుల్లో కొందరికి తెల్లకోటు ఉంటుంది. వాళ్ళంతా పని మొదలుపెట్టేటప్పుడు తొడుక్కుంటారు. ఇతగాడు మాట మొదలుపెట్టేటప్పుడు తొడుక్కుంటాడని కాసేపట్లోనే తెలిసింది.

“అక్కలాల, అన్నలాల, జర ఇటు సూడుండ్రి. గీ గిలాసల ఉన్నది నీళ్ళు కాదు. మీ నెత్తురు!”

గాజు గ్లాసులో నీళ్ళు వంగపండు రంగులో ఉన్నాయి. కిటికీ పక్కన జామకాయల గంప పెట్టుకుని కూర్చున్న మొగులమ్మ అనే ఆవిడ తలెత్తి చూసింది.

“మా నెత్తురు ఎర్రగుంటదయ్యా. గట్ల వంకాయ లెక్క ఉంటె బతుకుతమా?”

“ఎగ్జాంపుల్ అక్కా! నెత్తుట్ల విషం చేరితె గిట్లుంటది అని చెప్తున్న. టెన్షను, పొగ, మందుగొట్టిన కూరగాయలు... అంత విషమే. ఇగ సూడు.”

సంచిలోంచి పసుపుపచ్చని ద్రావకం ఉన్న సీసా తీసి నాలుగు చుక్కలు వేశాడు. చెంచాతో తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూనే, రెండో చేత్తో గుప్పిట్లో దాచిన నిమ్మచెక్క పిండాడు. వంగపండు రంగు చూస్తుండగానే పోయింది. పెట్టెలో సగంమంది “ఆఁ” అన్నారు. సేడం వెళ్ళే కన్నడాయన ఒకడు “ఏన్రీ ఇదు?” అని ముందుకు వంగాడు.

“క్వెర్సెటిన్! ఉల్లిగడ్డ పైపొట్టు నుంచి తీసిన యాంటీ ఆక్సిడెంట్. ఫారిన్ ల్యాబులల్ల కేన్సర్ కణాల మీద ఇదే పోస్తరు. నేను నా కండ్లతోని చూసిన.”

చూసి ఉండొచ్చు. అబద్ధాలన్నిటిలోకీ విసుగు పుట్టించేవి ఇలాంటివే, పక్కనే కొంచెం నిజం కూర్చుని ఉంటుంది. క్వెర్సెటిన్ ఉన్నమాటే. ఉల్లి పైపొరల్లో బాగా ఉంటుంది. ఆ పేరు ఓక్ చెట్టుకు లాటిన్‌లో ఉన్న పేరునుంచి వచ్చింది. ఉల్లిపొట్టు ఉడకబెట్టి ఉన్నికి పసుపు రంగు వేసుకున్న ఆడవాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఆ ఆడవాళ్ళెవరూ కోటు తొడుక్కుని రైలెక్కలేదు. ప్రయోగశాలల్లో క్వెర్సెటిన్ పొడిని చిన్న సీసాల్లో కొని, గాజుపళ్ళెంలో పెంచిన కణాల మీద వేసి చూస్తారు. పరిశోధనకు మాత్రమే అని సీసా మీదే రాసి ఉంటుంది. పళ్ళెంలో జరిగిందల్లా మనిషి ఒంట్లో జరగాలని ఎక్కడా లేదు. తిన్నదాంట్లో కొంచెమే ఒంటబడుతుంది, అదీ రూపం మారి. కానీ పళ్ళేనికీ మనిషికీ మధ్య ఉన్న దూరం ఈ మహానుభావుడికి ఒక చెంచా తిప్పినంత.

నా చేతిలో తాగగా మిగిలిన టీ ఉంది. “బాబూ, మళ్ళీ ఒకసారి నెత్తురు కలుపు” అన్నాను. ఉత్సాహంగా కలిపాడు. అందులో నా టీ పోశాను. వంగపండు రంగు పోయి మట్టిరంగు మిగిలింది.

“తాత చాయ గూడ విషం తీసింది!” అంది మొగులమ్మ. “ఇగ నీ బుడ్డి ఎందుకు బిడ్డా, చాయ తాగితె అయిపాయె!”

పెట్టె పెట్టంతా నవ్వింది. మరొకడైతే సీటులో కూలబడేవాడు. ఇతడు కూడా నవ్వి, “సార్ సైన్సు తెలిసినోడు” అంటూ నాకు కార్డు ఇచ్చాడు. ఎన్. విజయ్‌కుమార్, రీసెర్చ్ సైంటిస్ట్, మర్పల్లి - వికారాబాద్ - తాండూరు. అవమానం అంటని మనిషికి ఏ మందూ పనిచేయదు.

అప్పుడే అతని ఫోను మోగింది. చేతిలో చెంచా, సీసా ఉన్నాయేమో, స్పీకరు నొక్కి సీటు మీద పెట్టాడు. అవతలి గొంతు రైలు మొత్తానికీ వినబడింది.

“యాడున్నవ్‌ర విజయ్? లాల్ దవ తెస్తున్నవా లేదా?”

“తెస్తున్న అవ్వా. తాండూర్ దగ్గరికొచ్చిన.”

“ఎల్లుండి మంద కదలాలె. పటేలు చేను దున్నుతడంట. నడువని గొర్లను కటికాయన పొద్దున్నే వచ్చి చూసి పోయిండు. మాపటికి కాళ్ళు కడగకుంటె వాని పాలే. ఇంటున్నవా?”

“ఫికర్ చెయ్యకు. వస్త.”

లాల్ దవా అంటే పొటాషియం పర్మాంగనేట్. బావుల్లో వేసేది, పుండ్లు కడిగేది. నాలుగు పలుకులు వేస్తే బిందెడు నీళ్ళు వంగపండు రంగు తిరుగుతాయి. అంటే ఇంతసేపూ మేము చూసిన నెత్తురు, తల్లి మందలోని గొర్రెల కాళ్ళకని కొన్న మందు. ఆ పొట్లం విప్పే, రైలు జనానికి వినోదం చేస్తున్నాడు.

“అమ్మ మందు ఇలా వాడేస్తున్నావేమయ్యా?” అన్నాను.

“కొంచెమే సార్. ఇంక మస్తున్నది. మీరు గూడ రాండ్రి మా మంద కాడికి. ఇయ్యాల ఫీల్డ్ ట్రయల్ ఉన్నది. సైన్సు తెలిసినోళ్ళు ఒకలు సాక్షి ఉండాలె.”

తాండూరులో నాకేమీ పనిలేదు. ఎక్కడా పనిలేకపోవడమే నేను తిరగడానికి కారణం. సరేనన్నాను. దిగేముందు అతడు పెట్టెలో అందరికీ పేరుపేరునా చెప్పాడు: “వస్త అక్కా, మళ్ళ కలుస్త అన్నా, ఏదన్నుంటె ఫోన్ చెయ్ తాతా, తప్పకుంట తెచ్చిస్త.” నవ్వినవాళ్ళకు రెండుసార్లు చెప్పాడు.

ఆటోలో తన కథ తనే చెప్పుకున్నాడు. అడగని కథలు చెప్పేవాళ్ళు ముఖ్యమైనవి వదిలేస్తారు గనక, వదిలేసినవి నేను కలుపుకున్నాను. మర్పల్లి దగ్గరి కురుమల ఇల్లు. తండ్రి బీరన్న, తల్లి కొండమ్మ, గొర్రెల మంద. ఇంటర్ గట్టెక్కలేదు. హైదరాబాద్ అంచున ఒక ప్రైవేటు ప్రయోగశాలలో పని దొరికింది. పని ఏమిటంటే వాడిన గాజుసామాను కడగడం. కడిగేవాడి ఒంటి మీద ఆమ్లం పడకూడదని వాళ్ళు ఒక కోటు ఇచ్చారు. అక్కడ ఎవరో వంగపండు రంగు ద్రావకంలో మొక్కల రసాలు వేసి, రంగు ఎంత తగ్గిందో కొలిచేవాళ్ళట. ఇతగాడు కడుగుతూ కడుగుతూ చూశాడు. కొలవడం కనబడలేదు, రంగు పోవడం కనబడింది. అంతటితో చదువు పూర్తయింది.

ల్యాబు మూతపడితే కోటుతో ఇంటికొచ్చాడు. మర్పల్లి ఉల్లిమండీలో రాలిన పొట్టు సంచులకెత్తి, మిద్దె మీద ఎండబెట్టి, స్పిరిట్‌లో నానబెట్టి, పసుపుపచ్చటి నీళ్ళు తీస్తాడు. వికారాబాద్‌లో బట్టల షాపులో నిలబడి పనిచేసే భార్య మల్లిక ఆ వాసన భరిస్తూ ఇల్లు నడుపుతుంది. ఇతడు దేశాన్ని నడుపుతున్నాడు. ముగ్గురు ఒకచోట కనబడితే చాలు, గ్లాసు బయటికి తీస్తాడు. ఆటోవాడికి కూడా కార్డు ఇచ్చాడు.

“గొర్ల ఎన్క తిరిగితె ఏమున్నది సార్? నాయిన మోకాళ్ళు పోయి ఇంట్ల కూసున్నడు. అవ్వకు చెప్తనే ఉన్న, అమ్మేసెయ్ అని. ఇనది.”

తాండూరు శివారులో బండలు కోసే యార్డులు దాటాక, బూడిదరంగు దుమ్ము ఆగినచోట కందిచేను మొదలైంది. కోత అయిపోయింది. రాలిన ఆకు తినడానికి మందను దింపారు. పగలు మేసి రాత్రి ఆ చేలోనే పడుకుంటే గొర్రెల ఎరువు పటేలుకు, ఆకు గొర్రెలకు. ఒక చేను అయ్యాక ఇంకో చేనుకు. అయితే ఈసారి అకాల వాన పడి నల్లరేగడి బురదైంది. ఆ తడిలో నిలబడి గిట్టల సందుల్లో పుండ్లు పడ్డాయి. కొన్ని కుంటుతున్నాయి, కొన్ని ముందు మోకాళ్ళ మీద వంగి మేస్తున్నాయి. మందను వదిలి ఊళ్ళోకి పోలేకే కొండమ్మ కొడుక్కి ఫోను చేసింది.

కొండమ్మ నన్ను చూసి చీరకొంగు సర్దుకుని, “ఎవరు సారూ, దవాఖాన నుంచా?” అంది.

“కాదమ్మా, ఊరికే వచ్చాను.”

“ఊకెనే ఎవరొస్తరు గీ ఎండల” అని ఒక బండ చూపించింది. కొడుకు చేతిలోంచి పొట్లం లాక్కుని చేతిలో ఆడించి చూసింది. “గింతేనా?”

“సరిపోతదవ్వా.”

నైలాన్ వల చుట్టిన దొడ్డి వాకిట్లో ఆమె ముందే ఒక కాలువ తవ్వి, ప్లాస్టిక్ పట్టా పరచి, బిందెలతో నీళ్ళు మోసి నింపి ఉంచింది. మందలో ఏ గొర్రె బయటికి రావాలన్నా అందులో కాళ్ళు తడుపుకునే రావాలి. ఒక్కోదాన్నీ పట్టి కడిగే ఓపిక ఒంటరి మనిషికి ఎక్కడిది? పొట్లం మొత్తం గుమ్మరించి కర్రతో కలిపింది. రంగు విచ్చుకుంది. ఆమె తృప్తిగా చూసి, ముందు నడిచే పొట్టేలును తేవడానికి దొడ్డిలోకి వెళ్ళింది.

మన శాస్త్రజ్ఞుడు కోటు తొడుక్కున్నాడు. ఫోనును బండకు ఆనించి వీడియో పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. “ఫ్రెండ్స్, ఇయ్యాల గొర్ల మీద క్వెర్సెటిన్...”

“వద్దయ్యా!” అన్నాను. అప్పటికే పచ్చసీసా ఒంపేశాడు, నిమ్మకాయలు వరసగా పిండుతున్నాడు.

“డబుల్ పవర్ సార్! లాల్ దవ ఒకటి, నాది ఒకటి.”

కాలువలో రంగు ఒక కొసనుంచి చచ్చిపోతూ వచ్చింది. వంగపండు, ఎరుపు, మట్టి, చివరికి పాత్రలు కడిగిన నీళ్ళు. ఆ పొట్టురసం ఒక పని చేస్తుందని పల్లెపల్లెకూ తిరిగి చాటినవాడు, అది ఆ పని చేస్తున్నప్పుడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

కొండమ్మ పొట్టేలు కొమ్ము పట్టుకుని వచ్చి ఆగిపోయింది.

“నీళ్ళేమాయెర?”

“విషం పోయిందవ్వా. సూడు, క్లీన్...”

“విషమేందిర? దవ! ఆ రంగే దవ! డాక్టరు నాకు చెప్పిండు, రంగు పోతె పారబోసి మళ్ళ కలుపు అని. ఏం పోసినవ్?”

అతడు నా వైపు చూశాడు. సాక్షిగా పిలుచుకొచ్చింది నన్నే కదా. చెప్పాను. పుండును మాడ్చి క్రిములను చంపేది ఆ రంగులో ఉన్న కాక. ఇనుమును తుప్పు పట్టించేదీ, కోసిన వంకాయను నల్లబరిచేదీ అలాంటి గుణమే. దాన్ని అణచడమే నీ పొట్టురసం పని. రైల్లో నా టీ చేసిన పనీ అదే. నువ్వు విరుగుడు కనిపెట్టావు నాయనా, జబ్బుకు కాదు, మందుకు.

“కొంచెమన్న పవర్ మిగుల్తదా సార్?”

పొద్దుటినుంచి అతడు అడిగిన మొదటి ప్రశ్న అది.

“మిగలదు.”

“పొట్లంల...”

“ఏమున్నది పొట్లంల? నువ్వు తెచ్చిందే గింత!” కొండమ్మ పొట్టేలును వదిలేసింది. అది కుంటుకుంటూ వెళ్ళి వల పక్కన ముందుకాళ్ళు మడిచి కూలబడింది. ఆమె దానివైపు చూసింది, కొడుకు వైపు చూడలేదు. తిట్టలేదు కూడా. తిడుతుందని నేను కొంచెం ఆశపడ్డాను.

“ఆ ఫోన్ల కటికాయన నంబరున్నది గద. కలుపు. మాపు రమ్మను. నడువనియి తీసి ఇస్త. మిగిలినవన్న దక్కుతయి.”

ఫోను బండకు ఆనించినట్టే ఉంది. ఇంకా వీడియో తీస్తోంది. విజయ్‌కుమార్ దాన్ని తీసుకున్నాడు, ఆపాడు. కటికాయనకు కలపలేదు. జేబులో వేసుకున్నాడు. కోటు విప్పి వల కట్టిన గుంజకు తగిలించాడు. సీసాల సంచి దాని కిందే ఉంది, ముట్టుకోలేదు. గట్టు దిగి కందిమోళ్ళ మధ్యనుంచి రోడ్డువైపు నడిచాడు.

“ఒక్క మాటైనా చెప్పి వెళ్ళడా?” అన్నాను. నా కోపం అప్పటికి ఎవరి మీద పడాలా అని వెతుక్కునే దశలో ఉంది.

కొండమ్మ గిన్నె తీసుకుని కాలువలోని పాడునీళ్ళు తోడి పారబోయడం మొదలుపెట్టింది.

“వస్త, తెస్త అని పోతె రాడు సారూ. పుట్టినకాడి నుంచి సూస్తున్న. ఇయ్యాల ఏమనలే గద.” ఖాళీ బిందె నా వైపు జరిపింది. “జర ఆ బోరు కాడ పెట్టుండ్రి. నీళ్ళు పట్టి ఉంచాలె.”

నాకైతే నమ్మకం లేదు. బిందె మాత్రం పట్టుకెళ్ళాను. బోరు దగ్గరినుంచి రోడ్డు కనబడుతుంది. బండల యార్డు ముందు టీ కొట్టు దగ్గర ముగ్గురు కూలీలు పనిలేకుండా కూర్చుని ఉన్నారు. విజయ్‌కుమార్ వాళ్ళ ముందునుంచే నడిచాడు. ఒకడు చెయ్యెత్తి ఏదో పలకరించాడు. అతడు ఆగలేదు, తల తిప్పలేదు. బూడిద దుమ్ములో తాండూరు వైపు అలాగే నడిచి వెళ్ళిపోయాడు.