మా అత్తయ్య వ్యాను, ఎడమ ఇండికేటరు

మొన్న బందరు దాటి మంగినపూడి వైపు తిరగబోతూ ఎడమ ఇండికేటరు వేశాను. మామూలుగా నింపాదిగా టిక్కు, టిక్కుమనాల్సింది టకటకటకమంటూ ఒకటే పరుగు! వెనక ఎడమ బల్బు చూసుకోమని కారు తెర మీద అక్షరాలు కూడా పడ్డాయి. ఇంకొకరైతే విసుక్కునేవారేమో గానీ, నేను బండి పక్కకి ఆపి, ఇండికేటరు ఆపకుండా ఆ చప్పుడు వింటూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నా చిన్నతనం అందులో ఉంది మరి.

మాది చేపల మీద బతికిన ఇల్లు. నాన్న వేటకి వెళ్లేవాడు, ఆయన చెల్లెలు నాగమణి అత్తయ్య ఆ చేపల్ని గుడివాడ మార్కెట్టుకి తీసుకెళ్లి అమ్మేది. పొద్దుటే తడి ఇసుకా, వలల వాసనా, గంపల్లో మెరిసే కానాగంత చేపలూ, కింద పడ్డ ఐసు ముక్కలు నోట్లో వేసుకుని పళ్లు జివ్వుమంటే గెంతులేసే నేనూ, మా తమ్ముడూ. పాత తెల్ల వ్యాను ఒకటి ఉండేది కానీ, దాన్ని నడిపే డ్రైవరు దయ కలిగిన రోజు వచ్చేవాడు, కలగని రోజు మానేసేవాడు. అతను రాని రోజు చేపలు గుమ్మంలోనే మెత్తబడిపోయేవి. "ఈ మారాజు కోసం నేను కాసుక్కూచోవాలా? నేనే నేర్చుకుంటా!" అంది అత్తయ్య.

అది కార్తీకమాసం. ఊళ్లో సగం మంది నీసు ముట్టరు, కాబట్టి గుడివాడలో బేరం ఉండదు. తీరం మాత్రం సముద్రస్నానాలకి వచ్చిన జనంతో, ఉడకబెట్టిన వేరుశెనక్కాయల ఆవిరితో, జీళ్లూ మరమరాల బండ్లతో తిరనాళ్లలా ఉండేది. ఇంట్లో మేమూ కంద బచ్చలి కూరతో సరిపెట్టుకునేవాళ్లం. ఆ ఖాళీలోనే అత్తయ్య స్టీరింగు పట్టింది. ఆడమనిషి వ్యాను నడుపుతోందంటే వీధి వీధంతా గోడలెక్కేది. "నాగమణి వస్తంది, పిల్లల్ని లోపలికి లాక్కోండ్రో!" అని ఒకటే గోల. మొదటిసారి లైసెన్సు పరీక్షలో రివర్సు చేస్తూ, హద్దుకి పాతిన కర్ర పడేసి తిరిగొచ్చింది కూడానూ. దాంతో నాన్న తేల్చి చెప్పేశాడు: "కార్తీకం వెళ్లి పోలి పాడ్యమికి మళ్లీ బేరాలు మొదలైపోతాయి. ఆలోపు లైసెన్సు రాకపోతే వ్యాను అమ్మేద్దామే, ఇక నావల్ల కాదు."

రెండో పరీక్ష రోజు పొద్దున్న అత్తయ్య కొత్త చీర కట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, బండెక్కి ఎడమ ఇండికేటరు వేసింది. టకటకటకటక! అత్తయ్య మొహంలో కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు. డాష్‌బోర్డు కింద చప్పుడు చేసే చిన్న డబ్బా పాడైందని నాన్న పక్కింటి వ్యానులోది ఊడబీకి తెచ్చి బిగించాడు. అయినా అదే పరుగు.

"ఏడ్చే పిల్లాణ్ణి కాదన్నయ్యా, గిల్లినోణ్ణి చూడాల," అని అత్తయ్య దిగి, నన్ను బండి ముందూ తమ్ముణ్ణి వెనకా నిలబెట్టింది. ఆహా, ఏం ఉద్యోగం దొరికింది మాకు! "ముందుది వెలుగుతంది అత్తా!" అని నేను. "వెనకది లేదో!" అని వాడు. వీధి చివరిదాకా వినబడేలా అరిచాం. "అదీ సంగతి! ఒకటి పడుకుంటే రెండోది కంగారు పడతంది," అంది అత్తయ్య.

వెనక బల్బు తీసి కుడివైపు పెట్టి చూస్తే భేషుగ్గా వెలిగింది. అంటే బల్బు మంచిదే, అది కూర్చునే గూట్లోనే ఏదో తేడా ఉంది. అత్తయ్య అందులో వేలు పెట్టింది. తుప్పుతో కలిసి ముద్దయిన జిడ్డు. వాసన చూసింది. ఆముదం!

అందరం ఒక్కసారే గుమ్మంలో నిలబడ్డ నానమ్మ వైపు తిరిగాం. ఉప్పుగాలికి ఆముదమే మందని ఆవిడ నమ్మకం. తలుపు బందులకీ, తాళాలకీ, కుట్టుమిషనుకీ, మా సైకిలుకీ, చివరికి మా తలలకీ అదే పూసేది. "నేనే రాశానే. నీ బండి తుప్పట్టకుండా పదికాలాలు ఉండాలని," అంది పాపం, బిక్కమొహం వేసుకుని. తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియక అత్తయ్య పకపకా నవ్వేసింది. పెట్రోలు గుడ్డతో జిడ్డు తుడిచి, గరుకు కాగితంతో తుప్పు గీకి, బల్బు తిప్పి బిగించింది.

టిక్కు... టిక్కు... "వెలిగిందో!" అని తమ్ముడు గెంతిన గెంతుకి వాడి నిక్కరు జారిపోయింది.

బందరులో పరీక్ష పెట్టే మైదానం అంచున నిలబడి చూశాం. ఇన్‌స్పెక్టరు గారు పక్కన కూర్చుని, "ఎడమకి తిప్పండమ్మా," అన్నారు. దీపం నిదానంగా మిణుకుమంది. తరవాత రివర్సు. వెనక చక్రం కర్ర దగ్గరికి వచ్చేసరికి నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే కర్రలన్నీ నిలబడే ఉన్నాయి! "పాసయ్యారమ్మా," అన్నారాయన. "నిజంగానాండీ?" అని అత్తయ్య రెండుసార్లు అడిగింది. నాన్న తనంతట తానే వెళ్లి ఎడమపక్క సీట్లో కూర్చున్నాడు. పోలి పాడ్యమి నాడు దీపాలు వదిలి వచ్చిన అత్తయ్య ఆ మర్నాడే చేపలతో గుడివాడ వెళ్లింది. చూడటానికి జనం దారి పొడవునా నిలబడ్డారు.

ఇప్పుడు నానమ్మ లేదు. వ్యాను తుక్కుకి వెళ్లిపోయింది. రేవు దగ్గరికే ఐసు లారీలొచ్చి చేపలు ఎత్తుకెళ్తున్నాయి. కంటి ఆపరేషను అయ్యాక అత్తయ్య బండి మానేసింది. మొన్న సాయంత్రం మేమిద్దరం అరుగు మీద కూర్చుని ఉండగా, పక్కింటావిడ మనవరాలు గంపలేసుకున్న వ్యానుని ఒడుపుగా వెనక్కి తిప్పుకుని మా ఇరుకు వీధిలోంచి బయటికి తీస్తోంది. వీధిలో ఒక్కరూ తలెత్తి చూడలేదు.

"అదేంటే, ఇంత తేలికైపోయిందా?" అంది అత్తయ్య. సంతోషమూ, కాస్త కినుకా కూడా. తరవాత నా భుజం పట్టుకుని లేచింది. "పద, మనవన్నా చూద్దాం," అని వీధిలోకొచ్చి, ఆ పిల్ల మలుపు తిరిగేదాకా నిలబడింది.