మేకు మాత్రమే మిగిలిన గోడలు

మొన్న జనవరిలో, కొత్తగా పెట్టిన ఆసుపత్రి తరఫున ఒకమ్మాయి తెనాలిలో మా ఇంటికి వచ్చి క్యాలెండరు ఇచ్చి వెళ్ళింది. దాని నిండా పెద్ద పెద్ద యంత్రాల బొమ్మలే తప్ప మనిషి ముఖం ఒక్కటీ లేదు. దాన్ని పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను, కాఫీ చల్లారిపోయింది. మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఆసుపత్రి క్యాలెండరంటే దేవుడి పటమో, బొద్దుగా నవ్వే పసిబిడ్డో ఉండేది. అలాంటి ఒక క్యాలెండరు మీది బిడ్డ మా అక్క కొడుకు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు, మా అమ్మ మొక్కులు మొక్కడం కూడా మానేశాక, అక్కకు వాడు పుట్టాడు. పురుడు పోసిన డాక్టరమ్మ అప్పుడే తెనాలిలో సొంత ఆసుపత్రి పెట్టుకున్నారు. వైద్యులు తమ గురించి తాము చెప్పుకోవడం ఆ రోజుల్లో చిన్నతనం కాబట్టి, ఆవిడ మొహమాటపడుతూనే ఇంటికి వచ్చి, క్యాలెండరు వేయిస్తున్నాననీ, మీ వాడి ఫోటో వేసుకోనా అనీ అడిగారు. అక్క సంబరం ఇంతా అంతా కాదు. వాడికి కొత్త చొక్కా తొడిగి, దిష్టిచుక్క పెట్టి స్టూడియోకు ఎత్తుకెళ్ళింది. కాన్పులకు వచ్చేవాళ్ళున్న రేపల్లె, బాపట్ల, వేమూరు దాకా ఆ క్యాలెండర్లు వెళ్ళాయి. కిరాణా కొట్టు, టైలరు దుకాణం, ఎక్కడ చూసినా వాడే.

ఆ వేసవిలో వాడికి జ్వరం వచ్చి ఎంతకీ తగ్గలేదు. గుంటూరు తీసుకెళ్ళమని డాక్టరమ్మ చెబితే వెంటనే బయలుదేరారు గానీ, చేబ్రోలు దాటకముందే ప్రాణం పోయింది.

కొన్నాళ్ళకు అమ్మ అక్కను బలవంతాన నలుగురిలోకి తిప్పడం మొదలుపెట్టింది. ఏ ఇంటికి వెళ్ళినా గోడకు మేకు మాత్రమే ఉండేది. అక్క చూస్తే తట్టుకోలేదని, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, అందరూ క్యాలెండర్లు తీసి దాచేశారు. రేపల్లెలో మా పిన్ని ఇంట్లోనూ అంతే. అక్క ఆ మేకు వంకే చూస్తూ, "మా వాడేడి పిన్నీ?" అని అడిగింది.

"నువ్వు బాధపడతావనే తీశానమ్మా."

"వాడిది ఇంకో ఫోటో లేదు పిన్నీ. మా ఇంట్లోది మీ అల్లుడు తీసేశారు, ఎక్కడ పెట్టారో చెప్పరు. ఇక్కడన్నా కనపడతాడని బస్సెక్కి వచ్చాను."

పిన్ని బియ్యం డబ్బా వెనకనుంచి క్యాలెండరు తీసి ఇచ్చింది. అక్క దాన్ని చుట్టచుట్టి, కొంగు కప్పుకుని తెచ్చుకుంది. పటం కట్టించేటప్పుడు బావ ఆసుపత్రి పేరు కత్తిరించేద్దామన్నాడు. ఆ అక్షరాలు వాడి జుట్టు మీదుగా అచ్చయి ఉన్నాయి. "వాడి జుట్టు కూడా పోతుందండి, వద్దు" అంది అక్క.

డాక్టరమ్మ మళ్ళీ క్యాలెండరు వేయించలేదు. అక్కకు మళ్ళీ పిల్లలు కలగలేదు. ఆ మధ్య వాళ్ళ వాటాలో అద్దెకు దిగిన అమ్మాయి, నెలలు నిండుతున్నది, ఆ పటం చూసి, "ఈ హాస్పిటల్ ఎక్కడుందాంటీ, బాగా చూస్తారా?" అని అడిగింది. "బాగా చూసేవారమ్మా. ఇప్పుడు లేదు" అంది అక్క, అంతే.

ఇప్పుడు ఎవరింట్లో ఏం జరిగినా, చేతులు జోడించిన బొమ్మ ఒకటి ఫోనులో పంపి ఊరుకుంటున్నాం. ఆనాటి వాళ్ళు అక్క మనసు తెలుసుకోలేకపోయారు, నిజమే. కానీ ఒక పసివాడు పోయాడని, అన్ని ఇళ్ళల్లో మనుషులు పని ఆపి, గోడ దగ్గరికి వెళ్ళి, వాణ్ణి జాగ్రత్తగా తీసి దాచారు. వాళ్ళలో ఇప్పుడు ఒక్కరూ లేరు.