నెట్‌కు ఒక్కపొద్దు

ఇయ్యాల ఆదివారమని ఫోన్ బంద్ చేసి పప్పుడబ్బాల పెట్టిన. పొద్దెక్కేసరికి మా బడి హెడ్మాస్టర్ సారు టేకులపల్లి నుంచి బండేసుకొని ఇంటికే వచ్చిండు.

"ఏందమ్మా, టీచర్ల గ్రూపుల మెసేజ్ చూస్తలేవు?"

"ఒక్కపొద్దున్న సార్."

సారు గొంతు తగ్గించి, "ఏ దేవునికమ్మా?" అన్నడు.

"దేవునికి కాదు సార్, నెట్‌కు."

ఆయన తన ఫోన్ నా ముంగట పెట్టి, "దీంట్లనన్న చూడు" అన్నడు.

"ఒక్కపొద్దున్నోళ్లకు బిర్యాని చూపిస్తరా సార్?" అన్న. సారు చాయ్ తాగి పోయిండు.

పొద్దుగూకినంక ఒక్కపొద్దు ఇడిసి చూస్తే, ఆ మెసేజ్: "రేపు అందరూ జల్దీ రావాలె."

ఇంటిదాక వచ్చిన మనిషి ఆ ముక్క నోటితోని చెప్పరాదా? వచ్చే ఆదివారం గూడ నాకు ఒక్కపొద్దే. మీరేమంటరో కామెంట్ల రాయుర్రి, తీరినప్పుడు చూస్త. చూడలేదని ఇంటికి మాత్రం రాకుర్రి.